నాలుగో పాఠం కింద ప్రశ్న

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంటారు. విజయనగరంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఒకనాటి ఉదయం శిష్యుడు హేమచంద్ర వచ్చి, "మాస్టారూ, నా ఫిజిక్స్ పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడదామనుకుంటున్నాను. లక్షమంది వింటారట. పెట్టమంటారా?" అని అడిగాడు. మాస్టారు కళ్లజోడు తీశారు. అప్పుడాయన చెప్పిన సంగతి ఇది.

మూడేళ్ల కిందట ఆయన పాఠాలు నలభై, ఒక సంస్థవారు అలాగే పెట్టారు. అరవై వేలమంది చేరారు. టౌనుహాల్లో ఆయనకు శాలువా కప్పారు. పాఠాల కింద జనం ఏం రాస్తున్నారో చూడాలని మాత్రం ఆయనకు ఏడాది దాకా తోచలేదు. చూసిన రోజున, ఆఖరి పాఠం దాకా వచ్చినవాళ్లు వెయ్యిమంది కూడా లేరు. నాలుగో పాఠం కింద ఒక ప్రశ్న ఉంది. "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది సార్?" దాని కింద కొర్రా సుభద్ర అని పేరు, ఉత్తరంలో రాసినట్టు ఊరూ మండలమూ. ఆ కింద మూడువందల పన్నెండుమంది "నాకూ ఇదే సందేహం" అని రాశారు. జవాబు ఒక్కటీ లేదు. ప్రశ్న వేసి పదకొండు నెలలైంది.

మాస్టారు జవాబు రాసి వారంరోజులు చూశారు. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు పాడేరు బస్సెక్కి, అక్కణ్ణించి జీపులో, ఆపైన నడిచి ఆ ఊరు చేరారు. సుభద్ర అంగన్‌వాడీలో కార్యకర్త. సిగ్నల్ కోసం రోజూ కొండెక్కి పాఠాలు వినేదట. ఆయన్ని చూసి గరిటె పట్టుకునే నిలబడిపోయింది.

"మీరు నిజంగా ఉన్నారా సార్? ఎవరూ పలక్కపోతే, ఎప్పుడో పోయిన మనిషి పాఠాలేమో అనుకున్నాను."

ఆయన అక్కడే నేలమీద గీతలు గీసి చెప్పారు. అరగంట కూడా పట్టలేదు. ఆమె రెండు లెక్కలు తనంతట తానే చేసి, గీతలకేసి చాలాసేపు చూసింది.

"ఇంతేనా సార్! నా బుర్రకే ఎక్కదనుకుని మానేశాను. సూపర్‌వైజర్ పరీక్ష కోసమే ఈ లెక్కలు మొదలుపెట్టాను, అది మొన్న అయిపోయింది. వచ్చేసారికి నాకు వయసు దాటిపోతుంది."

ఆమే మళ్లీ, ఆయన్ని ఓదారుస్తున్నట్టుగా, "ఆ మూడు పాఠాలైనా మా కొండకి ఇంకెవరు తెచ్చారు సార్?" అంది. ఆయనకి తినడానికి సామ అన్నం పెట్టింది.

హేమచంద్ర తల వంచుకుని, "అయితే పెట్టవద్దంటారా మాస్టారూ?" అన్నాడు.

"వద్దని ఆమే అనలేదు, నేనెలా అంటాను?" అన్నారు మాస్టారు. "ఆ మిగతా మూడువందల పన్నెండుమందీ ఊరి పేరు రాయలేదు నాయనా."