ఒంటిచాప గుడి

పూర్వం, కొల్లేటి నీళ్ళు ఇప్పటికన్నా ఎంతో దూరం పరుచుకుని ఉన్న కాలంలో, ఆ నీటి అంచున తుంగలపాడు అనే గ్రామాన్ని ఒక భూస్వామి ఏలుతూ ఉండేవాడు. దైవానుగ్రహం వల్ల ఆయనా, ఆయన బంధువులైన పెద్దవీధివారూ, చాపలల్లుకుని బతికే దిగువపల్లెవారూ ఒకే ఏట, ఒకే కాలువలో బాప్తిస్మం పొందారు. ఆనాటి నుంచి ఆయన మోషేదొర అయ్యాడు. ఆ నీళ్ళలో పేరు ముందుకు మోషే వచ్చి చేరాడు గాని, వెనకనున్న దొర మాత్రం మునగలేదు.

గుడి కట్టించింది ఆయనే. సున్నమూ, కలపా, స్థలమూ అన్నీ ఆయనవే, కాదనడానికి లేదు. అయితే ఆ గుడిలో పెద్దవీధివారికి ముందొక చాప, పల్లెవారికి వెనకొక చాప పరిచి, రెంటికీ నడుమ బెత్తెడు నేల వదిలేవారు. ప్రభువు బల్ల ఆచరించే ఆదివారాల్లో రొట్టే, ద్రాక్షారసమూ ముందు చాపవారందరూ పుచ్చుకున్నాకనే ఆ నేల దాటి వెనక్కి వచ్చేవి. ముప్పయ్యేళ్ళు గడిచేసరికి ఆ బెత్తెడు నేల ఎంత పవిత్రమైపోయిందంటే, తర్వాత పుట్టినవారు అది కూడా బైబిల్లోనే ఎక్కడో రాసి ఉందని నమ్మారు. అంతటి అజ్ఞానం భక్తులకే సాధ్యం.

ఆ రెండు చాపలూ ఏటేటా అల్లేది తబితమ్మ అనే వితంతువు. తన చేత్తో అల్లిన ముందు చాపమీద ఆమె ఒక్కనాడూ కూర్చుని ఎరగదు. అక్షరజ్ఞానం లేని మనిషి కావడంతో, ఆదివారం చెవినబడిన వాక్యాన్ని మళ్ళీ ఆదివారం దాకా మగ్గం ముందు నెమరువేసుకునేది. “విని వదిలేస్తే ఏం లాభం? తిన్నది ఒంటికి పట్టొద్దూ?” అని తోటివారితో అనేది.

ఒక ఆదివారం సంఘకాపరి ఆనందం అయ్యగారు యాకోబు పత్రిక తీశారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసినబట్టల పేదవాణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమనడం దేవుడి ఎదుట పాపమని చదివి వినిపించారు. దొరగారు తన వేలి ఉంగరం తిప్పుకుంటూ అందరికన్నా గట్టిగా ‘ఆమేన్’ అన్నారు. వెనక చాపమీద తబితమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత కోతపండుగ వచ్చింది. ముందుకు పెద్దదీ, వెనక్కి చిన్నదీ కొత్త చాపలు అల్లమని దొరగారి నుంచి కబురు వచ్చింది. తబితమ్మ గుడి పొడవంతా తాడుతో కొలిచి, ఆ కొలతకు ఒకే పడుగు పోసి, చెరువుగట్టున అల్లడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి ఆనందం అయ్యగారు పరుగున వచ్చారు.

“అమ్మా తబితా, ఇది చాపా, కాలువా? ఎక్కడ కోస్తావమ్మా దీన్ని?”

“కొయ్యనండి అయ్యగారూ. మీరే చదివారు గదండీ.”

“చదివాను తల్లీ, చదవడం నా పని. నువ్వు చాపలకు తుంగ కోసుకునే మడి దొరది. రేపు ఆయన నిన్ను మడిలోకి రానివ్వకపోతే? బల్లకి దూరంగా ఉంచమంటే నేనేం చెయ్యను?”

“ముప్పయ్యేళ్ళు విన్నానండి. ఒక్కసారి చేసి చూడనివ్వండి.”

ఆమెకు భయం లేదనుకుంటే పొరపాటు. తుంగ లేకపోతే తబితమ్మకు కూడు లేదు. ప్రభువు బల్ల లేకపోతే ఆమెకు బతుకే లేదు. రెండూ పోతాయని ఎరిగే అల్లింది.

పండుగనాటి ఉదయం పన్నెండుమంది ఆ చాపచుట్టను భుజాలకెత్తుకుని తెచ్చి, వేదిక మొదలుకొని గుమ్మం దాకా పరిచారు. బెత్తెడు నేల మాయమైంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలియక జనమంతా గోడల వెంబడి నిలబడిపోయారు. తబితమ్మ ఒక్కతే నడిచివెళ్ళి, సరిగ్గా ఆ నేల ఉండే చోటనే బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

“లే!” అని దొర గర్జించాడు. “ఎవరి గుడనుకున్నావే?”

“ప్రభువుదనుకున్నానండి. మీదైతే చెప్పండి, లేచిపోతాను.”

దొర ముఖం కందగడ్డయింది. ఎవరో పంట కానుకతోపాటు పెట్టిన కొడవలి అందుకుని, చాపను రెండుగా కోసేస్తానని వంగాడు. అప్పుడు ఆయన తల్లి నయోమమ్మ, ఎనభయ్యేళ్ళ వృద్ధురాలు, గోడ పట్టుకుని నడిచొచ్చి తబితమ్మ పక్కన మోకాలికి మోకాలు తగిలేలా కూలబడింది.

“కొయ్యరా అబ్బాయ్. ముందు నన్ను కొయ్యి. పరలోకంలో ఎలాగూ ఈవిడ పక్కనే కూర్చోవాలి, ఇప్పుడే అలవాటు చేసుకుంటున్నాను.”

దొర రెండడుగులు పక్కకు జరిగి కొడవలి ఆనించి లాగాడు. గోటితో గిల్లితే తెగే తుంగ తెగలేదు. మూడుసార్లు లాగితే మూడోసారికి కొడవలి అంచే మడతపడింది. అది దేవుడి మహిమ అని పెద్దవీధివారూ, దొర చేతుల వణుకని పల్లెవారూ నేటికీ వాదించుకుంటారు. దేవుడేనని ఒప్పుకుందాం, కాని తబితమ్మ కూర్చోకముందు ముప్పయ్యేళ్ళలో ఆయన ఏ కొడవలినీ మడవలేదన్నది మరవరాదు.

ఆనందం అయ్యగారు రొట్టె పళ్ళెం ఎత్తుకుని, దొరను దాటివచ్చి, మొదటి ముక్క తబితమ్మ చేతిలో పెట్టారు. ఆమె భోరున ఏడ్చింది. ఆ పైన జనం గోడలు వదిలి, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. చిట్టచివరికి గుమ్మం దగ్గర మూరెడు జాగా మిగిలింది. చాలాసేపు నిలబడిన దొర అక్కడే కూర్చున్నాడు, రొట్టె అందరికన్నా ఆఖరున అందుకున్నాడు.

ఆనాటి నుంచి ఆ మందిరానికి ఒంటిచాప గుడి అనే పేరు స్థిరపడింది. ఎంతటి అధికారి వచ్చినా ఈనాటికీ ఆ గుడిలో కుర్చీ వెయ్యరు. ప్రతి ఏటా కోతపండుగకు ముందు పెద్దవీధివారూ, పల్లెవారూ కలిసి తుంగ చీల్చి కొత్త చాప అల్లి తీరాలి. కూలికి అల్లించడం నిషిద్ధం. పచ్చితుంగ అంచు కత్తిలాంటిది. అందుచేత పండుగనాడు రొట్టె కోసం చాచిన ప్రతి అరచేతిలోనూ ఎర్రటి గీతలు కనిపిస్తాయి. ఏ చెయ్యి ఏ వీధిదో ఇంతవరకు ఏ అయ్యగారూ పోల్చుకోలేకపోయారు.