నిలిపి చెప్పిన మాట

బొబ్బిలిలో అనంతాచార్యులుగారి దగ్గరికి సందేహం పట్టుకుని వెళ్ళినవాళ్ళకు ఒక అనుభవం తప్పదు. ఆయన సందేహమంతా శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, ఆ తర్వాత, "ఇంతకూ ఎవరి మీద కోపం వచ్చింది నాయనా?" అని అడుగుతారు. ధర్మసందేహాలలో చాలావాటికి ఇంట్లో జరిగిన గొడవే మూలమని ఆయన నమ్మకం. ఉద్యోగమున్నన్నాళ్ళూ తర్కశాస్త్రం బోధించిన మనిషి, విరమణ తర్వాత వాదించడం పూర్తిగా మానేశారు. ఎవరేమడిగినా తనకు తెలిసిన మనుషుల సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఒక ఆదివారం ఉదయం ఆయన శిష్యుడు త్రినాథరావు వచ్చాడు. నీటిపారుదల శాఖలో ఇంజనీరు, మాట పొదుపు మనిషి. అరుగు మీద కూర్చున్నాడు. "గురువుగారూ, అన్నిటికన్నా మౌనమే మేలని పెద్దలంటారు. ఎన్నిసార్లు చెప్పినా అవతలివాళ్ళకు ఎక్కనప్పుడు ఇక మాట్లాడటం మానెయ్యడమే ధర్మం కదండీ?" అని అడిగాడు.

ఆచార్యులుగారు తల ఊపి, అడగవలసినది అడిగారు.

"మా అమ్మాయి మీద," అన్నాడు త్రినాథరావు. కూతురు హారిక విశాఖపట్నంలో చదువుతోంది. చేరిన చదువు నచ్చలేదని, మధ్యలో వదిలేసి బొమ్మలు గీయడం నేర్చుకుంటానని అంటోంది. "నేను చెప్పేదాంట్లో తప్పులేదండీ. అదీ చెడ్డపిల్ల కాదు. కానీ నా మాట దానికి చేరదు. ఫోన్ చేస్తే రెండో మాటకే పెట్టేస్తుంది. గట్టిగా చెప్పి చూశాను, ఇంకా గట్టిగా చెప్పి చూశాను. ఉగాది నుంచి ఫోన్ చెయ్యడం మానేశాను. వాళ్ళమ్మతో మాట్లాడుకుంటుంది, అది చాలు."

ఆచార్యులుగారు కండువాతో ముఖం తుడుచుకుని, "దొండపాలెం పైడిరాజు మొన్న వచ్చి వెళ్ళాడు," అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

పైడిరాజు లారీ డ్రైవరు. రాయపూర్ వైపు నుంచి ఇనుము తెస్తాడు, ఇటు నుంచి ఏది దొరికితే అది తీసుకువెళ్తాడు. ఒకసారి బయలుదేరితే ఇల్లు చేరేది ఎప్పుడో అతనికే తెలియదు. అతని భార్య గౌరీశ్వరికి పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. అలాంటి పిల్లలకు చదువు చెప్పే బడి ఆ చుట్టుపక్కల లేదు కాబట్టి రాయడం, చదవడం కూడా రాలేదు. ఆమె మాటలన్నీ చేతుల్లో ఉంటాయి. ఆ సైగలు ఎక్కడా నేర్చుకున్నవి కావు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ, అవసరమైనప్పుడల్లా ఒకటి పుట్టించుకున్నవి. వాళ్ళ మొదటి ఆకుమడిలో విత్తనం చీలి మొలకెత్తిన రోజు గౌరి పిడికిలి బిగించి, అందులోంచి వేళ్ళను మెల్లగా పైకి తెరిచి చూపించింది. ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ కొత్తదేదైనా మొలకే. కొత్త చీరకూ, కొత్త చుట్టానికీ, కొత్త సంవత్సరానికీ అదే సైగ.

ఇంట్లో అతను ఉంటే ఏ ఇబ్బందీ లేదు. లారీ ఎక్కాడంటే మాత్రం ఆమె మొగుడు ఆమెకు లేనట్టే. అత్త సన్యాసమ్మ దగ్గర బటన్ల ఫోను ఉంది. అతను దానికి చేసేవాడు. తల్లీ కొడుకూ మాట్లాడుకుంటుంటే గౌరి ఎదురుగా కూర్చుని అత్త పెదవులనే చూసేది. అత్త ఫోను పెట్టేశాక సగం సంగతి సైగతో చెప్పేది, మిగతా సగం పనిలోపడి మరచిపోయేది.

ఇలా ఉండగా ఒక వానాకాలం వాళ్ళ పసిపాప జ్వరం వచ్చి పోయింది. పైడిరాజు అప్పుడు నాగపూర్ దాటి ఎక్కడో ఉన్నాడు. కబురు తల్లి నోట విన్నాడు. అతను ఇల్లు చేరేసరికి గౌరి గుమ్మంలోనే నిలబడి ఉంది. పాప ఎలా పోయిందో, చివర్లో ఎటు చూసిందో అన్నీ తానే చెప్పాలని చేతులు ఎత్తింది. కానీ ఆమె చెప్పవలసిన మాట అప్పటికే అతని ముఖంలో ఉంది. ఆమె చేతులు దించేసింది. ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్య ఈనాటికీ పూర్తిగా చెప్పుకోలేదని పైడిరాజు అన్నాడు.

మరుసటి ఏడాది అతను తనకూ గౌరికీ ఒకరికొకరు కనబడే రెండు కొత్త ఫోన్లు కొన్నాడు. విజయనగరంలో దుకాణం కుర్రాడు ఫోన్లో అతని ముఖం ఎంత తెల్లగా కనబడుతుందో చూపిస్తూ ఉంటే, ఇతను మాత్రం చెయ్యి చాచి, వేళ్ళు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూసుకున్నాడట. ఏ ఫోన్లో వేళ్ళు స్పష్టంగా కనబడ్డాయో అదే తీసుకున్నాడు. వెంట వచ్చిన గౌరీ, అతనూ దుకాణం ముందు రోడ్డుకు అటొకరు, ఇటొకరు నిలబడి పరీక్షించుకున్నారు. మధ్యలో బస్సులు పోతున్నాయి, ఆటోలు పోతున్నాయి. ఆమె అడ్డంగా వచ్చిన బస్సును తిట్టింది. అతను ఫోన్లో ఆ తిట్టు చూసి రోడ్డు మీదే పగలబడి నవ్వాడు. పెళ్ళయ్యాక దూరం నుంచి ఆమె మాట అతనికి నేరుగా అందడం అదే మొదలు.

దొండపాలెం చేరాక ఆ ఫోను మూగబోయింది. ఊరికి దగ్గరున్న టవరు పాతరకంది. మాట మోస్తుంది కానీ బొమ్మను మొయ్యలేదు. సన్యాసమ్మ బటన్ల ఫోనుకు అది చాలు, ఈ కొత్త ఫోనుకు చాలదు. కొత్తరకం సిగ్నలు దూరాన ఉన్న పట్నం నుంచి రావాలి. అది ఊళ్ళోకి రాదు. ఉత్తరాన జీడితోటల మెట్ట ఎక్కితే కాస్త తగులుతుంది. పైడిరాజు మళ్ళీ బండెక్కే ముందు ఆ చోటు వెతికి, అక్కడ ఒక రాయి పాతి, ఆమెకు చూపించి వెళ్ళాడు.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకు గౌరికి మళ్ళీ నెల తప్పింది. సన్యాసమ్మ సంతోషపడి, బటన్ల ఫోను చేతిలోకి తీసుకుంది. గౌరి గబుక్కున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. తన గుండె మీద తట్టుకుని, తన రెండు చేతులూ చూపించింది. సన్యాసమ్మకు అర్థమైంది. "ఒక్క నిమిషం పనే తల్లీ," అని తనలో తాను గొణుక్కుని ఫోను బొడ్లో దోపుకుంది.

ముందుగా గౌరి ఫోటో పంపింది. బిడ్డకు వాళ్ళ సైగ, రెండు చేతులూ ఒడిలా చేసి ఊపడం. ఆ చేతులు కెమెరా ముందు పట్టి తీయించుకుని, మెట్ట ఎక్కి పంపింది. ఫోటో అద్భుతంగా వచ్చింది. గాజుల మీద చెక్కిన పువ్వులు కూడా లెక్కపెట్టవచ్చు. మాట మాత్రం రాలేదు. ఖాళీ ఒడి చూసిన పైడిరాజు, భార్య పోయిన పాపను తలుచుకుంటోందనుకున్నాడు. లారీ పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తేరుకున్నాక తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, గౌరి మళ్ళీ ఏడుస్తందా? కాస్త దగ్గరుండి సూసుకో."

సన్యాసమ్మ కోడలి వైపు చూసింది. కోడలు ఆమె పెదవులనే చూస్తోంది. ఒక్క మాట చాలు, కొడుకు దుఃఖం తీరిపోతుంది. ఆ ఒక్క మాట ఆ ముసలామె మింగేసింది. "ఏడవట్లేదురా. ఏదో సెప్పాలనుకుంతంది. ఆ ఫోన్లో మీరూ మీరూ సెప్పుకోండి. నన్ను మజ్జిని ఎట్టకండి," అంది.

ఇక రోజూ పొద్దున్నే మెట్ట ఎక్కడం మొదలైంది. బొమ్మ వచ్చేది, ముక్కలు ముక్కలుగా విరిగిపోయేది, ఆగిపోయేది. ఆమె చెయ్యి ఒక మాట దాటి ఇంకో మాటలోకి వెళ్ళిపోయినా, అతని ఫోన్లో అది ఇంకా పాతచోటే వేలాడుతుండేది. అతను కళ్ళు చికిలించి, అర్థం కాలేదని తల అడ్డంగా ఊపేవాడు. అందని సిగ్నలు కోసం వెతికి వెతికి ఫోను పెనంలా వేడెక్కేది. దుకాణంలో రెండు రోజులు వస్తుందన్న బ్యాటరీ ఆ మెట్ట మీద టిఫిన్ల వేళకే ఎర్రబడేది. ఊళ్ళో కరెంటు పోతే ఆరోజంతా అంతే. గౌరికి విసుగు వచ్చేది. వినబడనివాళ్ళ దగ్గర మనం గొంతు పెంచినట్టు, ఆమె చేతుల వేగం పెంచేది. పెంచినకొద్దీ బొమ్మ మరింత చెదిరిపోయేది. ఒకనాడు ఆ కోపంలో ఫోనును జీడిచెట్టు మొదట్లోకి విసిరేసి, మళ్ళీ తానే పరుగెత్తి తీసి కొంగుతో తుడిచింది.

ఆ మర్నాడు ఆమె చాలా అలసిపోయి ఉంది. వేవిళ్ళు, ఎండ, మెట్ట ఎక్కిన ఆయాసం. బిడ్డ అని చూపడానికి చేతులు ఒడిలా పెట్టింది కానీ ఊపే ఓపిక లేదు. అలాగే పెట్టుకుని రాతి మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఫోన్లో పైడిరాజు ముఖం మారింది. కళ్ళు చికిలించడం మానేశాడు. తానూ చేతులు ఒడిలా పెట్టి, కన్నీటికి వాళ్ళ సైగ చేశాడు, చెంప మీద వేలు కిందికి గీసి. పోయిన పాపే అనుకున్నాడు. అతనికి తప్పుగా అర్థమైనా, మాట చేరిందని గౌరి పట్టుకుంది. నిలిచిన చెయ్యి చేరుతుంది, కదిలే చెయ్యి దారిలో చెదిరిపోతుంది.

ఆమె కాదు అని అరచెయ్యి అడ్డంగా పెట్టి, పెట్టినది తియ్యలేదు. అతను చేతులు దించేదాకా అలాగే ఉంచింది. తర్వాత పిడికిలి బిగించి కెమెరా ముందు పట్టుకుంది. అతని కళ్ళు ఆ పిడికిలి మీదికి వచ్చేదాకా ఆగింది. అప్పుడు, పొలంలో విత్తనం ఎంత తొందరలేకుండా చీలుతుందో అంత తొందరలేకుండా వేళ్ళు తెరిచింది. తెరిచిన చేతిని అలాగే నిలిపింది. చెయ్యి లాగితే, రెండో చేత్తో ముంజేతిని పట్టుకుని నిలబెట్టింది. ఫోన్లో పైడిరాజు కదలలేదు. బొమ్మ మళ్ళీ ఆగిపోయిందనుకుని ఆమెకు ఏడుపు వచ్చింది. చూస్తే అతని వెనక టీ కొట్టు పొగ పైకి పోతూనే ఉంది. ఆగిపోయింది బొమ్మ కాదు, అతనే.

ఆ తర్వాత అతను తన పిడికిలి ఎత్తి, ఒక్కొక్క వేలే తెరిచాడు. అది పూర్తిగా విచ్చుకుందో లేదో ఆమె చూడనేలేదు. బ్యాటరీ అయిపోయి ఫోను నల్లబడింది. గౌరి ఆ నల్లటి ఫోనునే గుండెకు ఆనించుకుని మెట్ట దిగింది. సన్యాసమ్మ దారిలోనే ఎదురొచ్చి కోడలి ముఖం చూసి, కొడుకుతో ఇక తానూ ఆ సంగతి మాట్లాడవచ్చునని బొడ్లోంచి ఫోను తీసింది.

"పైడిరాజు మొన్న వచ్చింది బిడ్డకు పేరు అడగడానికి," అన్నారు ఆచార్యులుగారు. "ఆడపిల్ల. బాగుందట. ఇప్పుడు ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నా వాళ్ళిద్దరూ నిదానంగానే మాట్లాడుకుంటున్నారట. పోయిన పాప సంగతి కూడా ఈ మధ్యనే ఆమె కొంచెం కొంచెంగా చెబుతోందట."

ఎండ అరుగు మీదికి వచ్చింది. లోపలి నుంచి ఎవరో మంచినీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళారు, త్రినాథరావు ముట్టలేదు. ఇంజనీరు అడగదగిన మాటే అడిగాడు.

"మరి ఆ ఊళ్ళో సిగ్నలు ఇప్పుడు బాగుపడిందాండీ?"

"లేదు నాయనా," అన్నారు ఆచార్యులుగారు. "టవరు అలాగే ఉంది. ఆమే నెమ్మదించింది."