చొక్కా గారి అజమాయిషీ

ముంతపాలెం వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరూ అనలేదు. వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే నమ్మారు. వానొస్తే అందరూ ఇళ్ళలోకి దూరతారు కదా, ముంతపాలెం వాళ్ళు గొడుగులు పట్టుకుని ఇంటి కప్పు మీదికి ఎక్కేవాళ్ళు. కప్పు తడవకపోతే ఇల్లు కారదని వాళ్ళ లెక్క. వాళ్ళందరిలోనూ దాలయ్యకి ఇంకా తెలివి. ఆయన తలపాగా ఎప్పుడూ విప్పేవాడు కాదు, విప్పితే తెలివికి గాలి తగిలి ఆరిపోతుందని. ఆయన తమ్ముడు ఎర్రినాయుడు అన్న ఏమన్నా తల ఊపేవాడు. ఒక్కోసారి అనకముందే ఊపేవాడు.

ఆ ఊళ్ళోనే గవరమ్మ అని ఒకావిడ. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పొలం లేదు. ఉన్నదల్లా చుక్కి అనే పాడిగేదె, దాని దగ్గర నెల్లాళ్ళ దూడ. ఆ పాలు పోసుకునే ఆవిడ బతుకుతోంది. ఒకరోజు తెల్లారి చూస్తే పాకలో దూడ ఉంది, చుక్కి లేదు. కట్టుతాడు కోసేసి ఉంది.

గవరమ్మ ఏడుస్తూ ఠాణాకి పరిగెత్తింది. ఠాణా అంటే ఊరి చివర చిన్న పెంకుటిల్లు. అందులో ఒక లాకప్పు గది, ఒక బల్ల, ఒక హెడ్డు కానిస్టేబులు. ఆయన పేరు నరసింగరావు. మంచివాడే గానీ రెండు నెలల్లో రిటైరు కాబోతున్నాడు కాబట్టి ప్రతిదానికీ భయం.

"గిట్టల జాడ పడమటికి ఉంది బాబూ," అంది గవరమ్మ. "రేపు రేగువలస సంత. అక్కడ అమ్మేశాడంటే నా గేదె కొండలు దాటిపోతుంది. ఇంక నాకు దొరకదు."

హెడ్డు సైకిలు తీశాడు. ఒక కాలు పెడలు మీద వేశాడో లేదో, టౌను నుంచి ఒక గుమాస్తా బస్సు దిగాడు. ఒంటి మీద గంజి పెట్టిన తెల్ల చొక్కా, చంకలో ఓట్ల పెట్టె.

"ఆగండి," అన్నాడు గుమాస్తా. "కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి ప్రతి ఠాణా మీదా అజమాయిషీ చెయ్యడానికి ఊరివాళ్ళే ఓట్లేసి ఒక పెద్దని ఎన్నుకోవాలి. ఆ పెద్ద సరే అనకుండా పోలీసులు అడుగు తీసి అడుగు వెయ్యకూడదు."

అంతే. హెడ్డు పెడలు మీద వేసిన కాలు అలాగే ఉంచేశాడు. దించాలన్నా అడుగే కదా అని.

"మరి నా గేదె?" అంది గవరమ్మ.

"ముందు పెద్ద, తరవాత గేదె," అన్నాడు దాలయ్య. "వరస తప్పకూడదు."

పెద్దగా దాలయ్య నిలబడ్డాడు. ఆయనకి పోటీగా ఎర్రినాయుడు నిలబడ్డాడు. "ఎవరో ఒకరు ఓడిపోకపోతే మా అన్న ఎలా గెలుస్తాడు?" అన్నాడు. అది కూడా తెలివైన మాటే అని అందరూ మెచ్చుకున్నారు.

గుమాస్తా బల్ల ముందు కూర్చుని, "ఓటు రహస్యం. ఎవరికి వేశారో ఎవరికీ తెలియకూడదు," అని చెప్పాడు.

దాలయ్య తలపాగా సర్దుకున్నాడు. "ఎవరికీ అంటే నాకు కూడానా?"

"మీకు తెలియకుండా మీరెలా వేస్తారండీ?"

"నాకు తెలిస్తే మా ఆవిడకి తెలుస్తుంది. మా ఆవిడకి తెలిస్తే నూతి దగ్గర అందరికీ తెలుస్తుంది. అప్పుడు రహస్యం నూతిలో పడ్డట్టే."

ఇంకేముంది, ఊరందరూ తువ్వాళ్ళు తీసి కళ్ళకి గంతలు కట్టుకున్నారు. నలభై ముగ్గురు ఓటర్లు. చేతిలో ముద్ర, కళ్ళకి గంత. ఒకరి వెనక ఒకరు వచ్చి, తడుముకుని, ఎక్కడ తగిలితే అక్కడ ఠప్పున కొట్టి వెళ్ళిపోయారు. గుమాస్తా అటు తప్పుకుంటే అటు, ఇటు వంగితే ఇటు. "అయ్యా, కాగితం మీద, కాగితం మీద," అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆ గొంతు ఎటు వినబడితే అటే వచ్చి కొట్టారు పాపం.

గంతలు విప్పి లెక్క పెట్టారు. దాలయ్యకి అయిదు. ఎర్రినాయుడికి నాలుగు. బల్లకి పదకొండు. ఒకరి నెత్తిన ఒకరు వేసుకున్నవి తొమ్మిది. గుమాస్తా చొక్కాకి పద్నాలుగు.

దాలయ్య ముఖం చిన్నబోయింది. కానీ న్యాయం మనిషి. లేచి చొక్కాకి దణ్ణం పెట్టాడు. "తమరే గెలిచారు."

"చొక్కా ఎలా గెలుస్తుందయ్యా?" అన్నాడు గుమాస్తా.

"మీరు ఉడుక్కోకండి బాబూ," అన్నాడు ఎర్రినాయుడు. "మీకు ఒక్క ఓటూ పడలేదు, నిజమే. అన్నీ చొక్కాకే పడ్డాయి. ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళని ఒంటి మీద వేసుకు తిరగడం బాగుండదు. విప్పండి."

నలుగురు మీదికి వచ్చేసరికి గుమాస్తా చొక్కా విప్పిచ్చి, ఓట్ల పెట్టె కూడా వదిలేసి, బనీనుతో బస్సు వెనక పరిగెత్తాడు.

ఆ చొక్కాని కర్రకి తొడిగి ఠాణాలో నిలబెట్టారు. హెడ్డు అలా ఒంటికాలి మీదే నిలబడి, "అయ్యా, కాలు దించమంటారా?" అని అడిగాడు. చొక్కా ఏమీ అనలేదు. పొద్దుగూకేదాకా ఏమీ అనలేదు. ఆఖరికి హెడ్డు మగతలో కింద పడ్డాడు. పడటం అడుగు కిందికి రాదని దాలయ్య తీర్పు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే గవరమ్మ మళ్ళీ వచ్చింది. "ఇవాళే సంత. కదలండి."

చొక్కా ఉన్న కర్రని బయటికి తెచ్చారు. గాలికి కుడి చెయ్యి లేచి తూర్పుకి ఊగింది.

"చూశావా, తూర్పుకి వెళ్ళమంటున్నారు," అన్నాడు దాలయ్య.

"జాడ పడమటికి ఉంది బావా. సంత పడమట ఉంది. తూర్పున ఉన్నది సముద్రం."

"గవరమ్మా, నీకు ఒక ఓటు. ఆయనకి పద్నాలుగు. ఎవరి మాట వినాలి?"

అంతే. ముందు చొక్కా, వెనక హెడ్డు, ఆ వెనక ఊరంతా తూర్పుకి నడిచారు. రెండు కోసులు నడిస్తే సముద్రం వచ్చింది. చొక్కా చెయ్యి ఇంకా తూర్పుకే ఉంది. మోకాళ్ళ లోతుకి దిగారు. నడుం లోతుకి దిగారు. "గేదె బాగా లోతుకే పోయినట్టుంది," అన్నాడు ఎర్రినాయుడు, గుక్కెడు ఉప్పునీళ్ళు ఉమ్మేసి. మధ్యాహ్నం గాలి మళ్ళింది. చెయ్యి ఊరివైపు తిరిగింది. "దొరికినట్టుంది, ఇంటికి పొమ్మంటున్నారు," అని దాలయ్య అందరినీ వెనక్కి తిప్పాడు.

వాళ్ళు సముద్రంలో ఉండగా గవరమ్మ ఏం చేసిందంటే, దూడని చంకనేసుకుని పడమటికి నడిచింది. సంతలో నాలుగైదు వందల గేదెలు. ఎక్కడని వెతుకుతుంది? దూడని కిందికి దించింది. అది ఆకలికి అంబా అంది. ఇంకేముంది, సంత అవతలి మూల నుంచి చుక్కి తోక ఎత్తుకుని ఒకటే పరుగు. కుండలవాళ్ళ కుండలు పగిలాయి, మిరపకాయల రాశులు చెదిరాయి. దాని వెనక తాడు, తాడు చివర దొంగ. గేదె పారిపోకుండా తాడు మణికట్టుకి నాలుగు చుట్లు చుట్టుకున్నాడు పోలయ్య అనే ఆ దొంగ. ఇప్పుడు తాను పారిపోదామన్నా ఆ ముడి ఊడి రాలేదు.

గవరమ్మ గేదెని, దూడని, దొంగని వరసగా తోలుకుని సాయంత్రానికి ఠాణాకి వచ్చింది.

హెడ్డుకి ప్రాణం లేచొచ్చింది. చొక్కా ముందు నిలబడి, "అయ్యా, వీణ్ణి లోపల వెయ్యమంటారా?" అన్నాడు.

చొక్కా ఊరుకుంది.

"వద్దనలేదు కదా, వేసెయ్యి," అన్నాడు దాలయ్య. పోలయ్యని లాకప్పులో పెట్టి తాళం వేశారు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ చుక్కి రెండు రోజులుగా సరిగ్గా మేత లేకుండా ఉంది. ఎదురుగా చొక్కా. గంజి పెట్టిన చొక్కా, పైగా సముద్రంలో తడిసి ఉప్పగా ఉంది. చుక్కి మెడ సాచి కాలరు పట్టుకుంది. అందరూ అయ్యో అనేలోపు గుండీలతో సహా నమిలి మింగేసింది.



"పెద్దగారిని తినేసింది," అన్నాడు హెడ్డు. "కేసు రాయాలి. రాయాలంటే పెద్దగారు సరే అనాలి. పెద్దగారేమో లోపలున్నారు."

దాలయ్య చాలాసేపు తలపాగా పట్టుకుని ఆలోచించాడు. "పద్నాలుగు ఓట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"గేదె కడుపులో అన్నా."

"ఓట్లు ఎవరి దగ్గరుంటే వాళ్ళే పెద్ద."

వెంటనే చుక్కి మెడలో బంతిపూల దండ పడింది. చుక్కి దండ కూడా తినేసింది. కొత్త పెద్దగారికి ఆడంబరాలు గిట్టవని అందరూ మెచ్చుకున్నారు.

గవరమ్మ తాడు పట్టుకుంది. "మీ మెప్పులు తరవాత. దూడ ఏడుస్తోంది. గేదెని ఇంటికి తోలుకుపోతాను."

"ఠాణా పెద్దని పాకలో కడతావా వదినా?" అన్నాడు ఎర్రినాయుడు.

"పోనీ ఇక్కడే పాలు పితుక్కుంటాను."

"పెద్ద దగ్గర ఏదైనా పుచ్చుకుంటే జనం ఏమనుకుంటారు?"

"అయితే ఇంత గడ్డైనా వెయ్యనివ్వండి."

దాలయ్య గుమాస్తా వదిలేసిపోయిన ఉత్తర్వు కాగితం తీసి చూపించాడు. "పెద్దగా గెలిచినవాళ్ళకి గడ్డిపోచ ఇచ్చినా లంచమే. రాసి ఉంది చూడు. మామూలు మనుషులు గడ్డి తినరు కదా, అయినా ఎందుకు రాశారో నాకిప్పుడు అర్థమైంది. ముందుచూపు."

ఇంకేముంది. గేదెకి మేత లేదు, దూడకి పాలు లేవు, గవరమ్మకి బేరం లేదు. మర్నాడు పొద్దెక్కేసరికి పొదుగు రాయిలా బిగిసిపోయింది. ఇంకొక్క పూట ఇలాగే ఉంటే పాలు ఎండిపోతాయి, దూడ బతకదు. గవరమ్మ ఠాణా అరుగు మీద కూర్చుని, ఏడ్చి ఏడ్చి, ఆఖరికి ముక్కు తుడుచుకుని అడిగింది.

"బావా, ఓట్లు దాని కడుపులో ఉన్నంతవరకే కదా అది పెద్ద?"

"అంతే."

"లోపలికి వెళ్ళినవి బయటికి రావా?"

దాలయ్య ఎర్రినాయుడి వైపు చూశాడు. ఎర్రినాయుడు అప్పటికే తల ఊపుతున్నాడు. ఓట్ల పెట్టె మూత తీసి ఇద్దరూ చుక్కి వెనక చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు. హెడ్డు సెల్యూటు చేస్తూ నిలబడ్డాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. చుక్కి తోక ఎత్తింది. పెట్టె నిండింది.

"ఓట్లు వచ్చేశాయి," అన్నాడు దాలయ్య, ముక్కు మూసుకుని. "ఇప్పుడు లెక్కించాలి."

గవరమ్మ ఆ పెట్టెలో రెండు చేతులూ పెట్టి, పిడకలు కొట్టినట్టు ముద్దలు ముద్దలుగా తీసి లాకప్పు గోడకి చరిచింది. ఒకటి, రెండు, మూడు, పెట్టె ఖాళీ అయ్యేదాకా. లోపల పోలయ్య గజం దూరం జరిగాడు.

"ఓట్లు ఎవరికి పడ్డాయి బావా?"

"గోడకి," అన్నాడు దాలయ్య.

"మరి నా గేదె?"

"మాజీ," అన్నాడు దాలయ్య. "తోలుకుపో."

గవరమ్మ తాడు విప్పింది. చుక్కిని, దూడని తోలుకుని ఇంటికి పోయింది. పాకలో కట్టి, పచ్చగడ్డి వేసి, దూడని కాసేపు వదిలి, చెంబు తీసుకుని పొదుగు దగ్గర కూర్చుంది. పాలు చుయ్‌మని చెంబులో పడుతుంటే ఆవిడకి ఇంకేం వినబడలేదు.

ఇక్కడ ఠాణాలో గోడకి దణ్ణాలు పెట్టారు. పాత పెద్దలిద్దరి కంటే ఈయన గట్టివాడు, గాలికి ఊగడు, గడ్డి తినడు అని ఊరంతా సంబరపడింది. హెడ్డు కాగితాలు తీశాడు. "దొంగతనం జరిగిన చోటు పెద్దగారు కళ్ళారా చూసినట్టు రాసుకోవాలి."

"అయితే తీసుకెళ్దాం," అన్నాడు దాలయ్య.

అంతే. గునపాలు వచ్చాయి. గోడని ఇటుక ఇటుకగా విప్పి, తలా నాలుగు ఇటుకలు నెత్తిన పెట్టుకున్నారు. గోడ అయిపోయింది. లాకప్పులో పోలయ్య ఒక్కడూ మిగిలాడు, ఎదురుగా రోడ్డు.

"నువ్వు కదలకు. నువ్వు గోడ వెనకాలే ఉండాలి," అన్నాడు హెడ్డు.

"గోడ అటు వెళ్ళిపోతోంది కదా బాబూ. నేను దాని వెనకాల నడవనా?"

"నడువు. దగ్గరగా నడువు."

పోలయ్య రెండు సందుల వరకు గోడ వెనకాలే నడిచాడు. మూడో సందులో గోడ కుడివైపు తిరిగింది, పోలయ్య ఎడమవైపు తిరిగాడు. అందరూ నెత్తిన ఇటుకలు పెట్టుకుని ఉన్నారు, తల తిప్పితే పెద్దగారు పడిపోతారని ఎవరూ వెనక్కి చూడలేదు.

గవరమ్మ పాకకి మూడు పక్కలా మట్టి గోడలు, ముందు మాత్రం ఖాళీ. "పెద్దగారికి లోపలంతా బాగా కనబడాలి," అన్నాడు దాలయ్య. సరిగ్గా ఆ ఖాళీలో బురద కలిపి, ఇటుక మీద ఇటుక పేర్చి, కప్పు తగిలేదాకా గోడ కట్టేశారు. నలభై మంది చేతులు. ఎంతసేపు పడుతుంది?

లోపల గవరమ్మకి ఉన్నట్టుండి చెంబు కనబడలేదు, పొదుగు కనబడలేదు.

"ఎవరయ్యా అక్కడ?" అంది.

హెడ్డు గోడకి చెవి ఆనించాడు. "లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఎంతమందేంటి? నేను, నా గేదె, దూడ."

హెడ్డు కాగితం మీద రాసుకున్నాడు. "పొద్దున లాకప్పులో ఒక్కడే ఉండేవాడు. ఇప్పుడు ముగ్గురు. కొత్త పెద్దగారు వచ్చిన వేళ మంచిది."

"నరసింగరావు బాబూ, నాకు ఊపిరాడటం లేదు. ఈ గోడ తియ్యండి."

"గోడ అనకు వదినా, వింటారు," అన్నాడు ఎర్రినాయుడు.

"ఏదో ఒకటి. తియ్యమను మీ అన్నని."

దాలయ్య తలపాగా సర్దుకుని గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, తమరిని తియ్యమని గవరమ్మ అర్జీ పెట్టుకుంది. తియ్యమంటారా?"

గోడ ఊరుకుంది.

"ఏమన్నారు?" అంది గవరమ్మ లోపల్నుంచి.

"కాస్త ఓపిక పట్టు గవరమ్మా," అన్నాడు దాలయ్య. "ఆలోచిస్తున్నారు."

ఊరంతా గోడకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.