గిజిగాడు అల్లిన కంపెనీ పటం

నక్కలంటే నాకు పడదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత పక్షపాతం అనకండి. గిజిగాడంటే మాత్రం నాకు ప్రాణం. అంత చిన్న ముక్కుతో అంత పని చేసే పిట్టని చూస్తే ఎవరికి ముచ్చటెయ్యదు?

ఎర్రకొండ కింద జంతువులన్నీ కలిసి చింతపండు కంపెనీ పెట్టుకున్నాయి. దుబ్బన్న అనే ఎలుగుబంటి యజమాని. కోతులు కాయ దులుపుతాయి, ఉడతలు పెచ్చు ఒలిచి కళ్లంలో ఎండబెడతాయి, వీరాసామి అనే గాడిద బస్తాలు మోస్తాడు. వానొస్తే చింతపండు మీద కప్పే పట్టాలు కూడా వాగు అవతల వీరాసామి పాకలోనే ఉంటాయి. కామేశం అనే నక్క మేనేజరు. ఆయన ఏం చేస్తాడని మాత్రం అడక్కండి, అది అక్కడ ఎవరికీ తెలీదు.

కంపెనీలో ఎవరి కింద ఎవరో చూపించే పటం ఒకటి కామేశమే బండమీద సుద్దతో గీశాడు. పైన దుబ్బన్న, ఆ కింద ఇంత పెద్ద నక్క, ఆ నక్క కింద మిగతా లోకమంతా! కళ్లానికి పెద్ద అని ముళ్లపంది బొమ్మ వేశాడు. ఆ ముళ్లపంది పక్క కొండకి కాపురం మార్చేసి ఎన్నాళ్లయిందో. వీరాసామి బొమ్మ అసలు వెయ్యనే లేదు.

కిందటేడు మబ్బు పట్టినప్పుడు, అప్పుడే కొత్తగా చేరిన చిట్టెమ్మ అనే ఉడత ఆ పటం చూసుకుని, ముళ్లపంది కోసం కొండంతా గాలించింది. తిరిగొచ్చేసరికి సగం చింతపండు తడిసి ముద్దయింది.

"ఈ ఏడు కూడా తడిసిందా, కంపెనీ మూసేద్దాం. ఎవరి తిండి వాళ్లు వెతుక్కోవడమే," అన్నాడు దుబ్బన్న.

చిట్టెమ్మకి కన్నీళ్లు ఆగలేదు. తొర్రలో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నాయి దానికి.

అప్పుడు తుమ్మకొమ్మ మీంచి గిజిగాడు పలికాడు. "అయ్యా, బండమీద గీసిన పటం గీసిన రోజే నిజం. ఏ రోజు చూసినా నిజం చెప్పే పటం నేను అల్లి పెడతాను."

"అల్లుతావా! పటాన్నా!" అని కామేశం పడీపడీ నవ్వాడు.

నవ్వితే నవ్వాడు. గిజిగాడు దుబ్బన్నని అడిగి, ఆయన చెప్పినట్టే నారతాళ్లు అల్లాడు. ఒక్కొక్కళ్ల చోటు నుంచి వాళ్ల పైవాళ్ల చోటుకి ఒక్కో తాడు. ఆ కొసన చింతగింజలు వేసిన చిన్న సొరబుర్ర. ఇక్కడ తాడు లాగితే అక్కడ బుర్ర గలగలమంటుంది. చిట్టెమ్మ సరదాగా తన తాడు లాగి చూసింది. కామేశం కాపురముండే గుబురులో మోగింది.

"ఇదేంటి అన్నా? నేనెప్పుడు పోయాను ఈయన దగ్గరికి?"

గిజిగాడు తల గోక్కున్నాడు. "తప్పు నాదేనమ్మా. కిందివాళ్ల సంగతి పైవాళ్లని అడిగి అల్లాను."

అంతే! అల్లిందంతా తన ముక్కుతోనే తెంపి పారేశాడు. మనమైతే ఎక్కడో చిన్న అతుకు వేసి సరిపెట్టేవాళ్లం, ఒట్టు. ఈసారి కొమ్మకొమ్మకీ, తొర్రతొర్రకీ తానే తిరిగాడు.

"చిట్టెమ్మా, పని చెడితే ముందు ఎవరి దగ్గరికి పరిగెడతావు?"

"ఇంకెవరు, వీరాసామి మావ దగ్గరికే. పట్టాలు ఆయన దగ్గరేగా ఉండేది."

అక్కడితో నమ్మెయ్యలేదు. వాగు దాటి ఎగిరాడు. "వీరాసామీ, నీ దగ్గరికి ఎవరెవరు పరిగెత్తుకొస్తారు?"

"కళ్లం వాళ్లందరూ నా ప్రాణం తీస్తారయ్యా. ఆ చిట్టెమ్మ అయితే మరీనూ."

రెండు మాటలూ కలిశాయి. అప్పుడు ముడి వేశాడు. మాట కలవకపోతే ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి తేల్చేదాకా వదల్లేదు. కొత్తగా ఎవరైనా చేరితే కొత్త తాడు, ఎవరైనా వెళ్లిపోతే ఆ రోజే వాళ్ల తాడు తెంపెయ్యాలని ఒక కట్టడి కూడా పెట్టాడు.

పనయ్యాక దుబ్బన్న బండెక్కి చూశాడు. తాళ్ల రూపంలో తన కంపెనీ మొత్తం కళ్లముందు పరుచుకుంది. "ఓరి నీ ముక్కు బంగారం కానూ!" అని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆయన కళ్లు నక్క గుబురు మీద పడ్డాయి.

"అదేం కామేశం, నీ దగ్గరికి తాడే లేదు?"

"అది... అందరూ నా దగ్గరికే వస్తారండీ."

"నీ పేరు ఒక్కరూ చెప్పలేదయ్యా," అన్నాడు గిజిగాడు.

కామేశానికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు అందరూ భోజనాలకి పోయినప్పుడు మెల్లిగా వాగు దాటాడు. వీరాసామి బుర్రకున్న తాళ్లన్నీ విప్పి తన గుబురు దాకా లాక్కొచ్చాడు. తీరా చూస్తే కట్టుకోడానికి బుర్ర ఏదీ? అందుకని అన్నీ కలిపి తన తోకకే బిగించి కట్టుకున్నాడు. "సాయంత్రం దొర చూస్తాడుగా, నా కింద ఎంతమందో!" అనుకుంటూ హాయిగా కునుకు తీశాడు.

ఇంతలో పడమటి దిక్కున మబ్బు కమ్ముకొచ్చింది. కళ్లం నిండా చింతపండు.  చిట్టెమ్మ పరుగున వచ్చి తాడు లాగింది. వాగు అవతల చప్పుడు లేదు. మళ్లీ లాగింది. ఊహూఁ.

"రంగన్నా! కోతులందరూ దిగి రండి! మావ బుర్ర మోగట్లేదు, గట్టిగా లాగాలి!"

కోతి రంగడు తన మందతో దూకాడు. తలా ఒక తాడు పట్టుకుని "ఐలేసా!" అని ఒక్క గుంజు గుంజారు. గుబురులోంచి కుయ్యోమని కేక. తోక ముందు, మూతి వెనక, దుమ్ము రేపుకుంటూ మేనేజరు గారు కళ్లంలోకి వచ్చి పడ్డారు!

నాకైతే ఇప్పుడు తలుచుకున్నా కడుపు చెక్కలయ్యేంత నవ్వొస్తుంది. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు. చినుకులు మొదలయ్యాయి.

దుబ్బన్న బండమీంచి గర్జించాడు. "కామేశం! అందరూ నీ వాళ్లే కదా. వానొచ్చేసింది. ఏం చెయ్యాలో చెప్పు!"

కామేశం తోకకున్న తాళ్లు పీక్కుంటూ లేచాడు. "అది... ముళ్లపందిని పిలిపిస్తే..."

గిజిగాడు ఆ మాట వినడానికి ఆగలేదు. తోక దగ్గర తాళ్లు టకటకా కొరికేసి, కొసలు ముక్కున కరుచుకుని వాగు మీదుగా దూసుకుపోయాడు. గాలి వెనక్కి తోస్తోంది. ఆ తాళ్లు ఆ పిట్టకంటే బరువు. అయినా పోయాడు, పోయి ముడి వేశాడు.

"ఇప్పుడు లాగమ్మా!"

చిట్టెమ్మ లాగింది. వాగు అవతల గలగలలాడింది. ఆ చప్పుడు ఇంకా ఆగకముందే వీరాసామి పట్టాలు వీపుమీద వేసుకుని నీళ్లలోంచి పరిగెత్తుకొచ్చాడు. కోతులు నాలుగు మూలలూ పట్టి కప్పేశాయి. ఆ మీదట వాన పట్టాల మీద దంచి కొట్టింది. కింద చింతపండు పొడిగా ఉంది. చిట్టెమ్మ వీరాసామి మెడ పట్టుకుని భోరుమంది.

"కంపెనీ నిలబెట్టావురా," అన్నాడు దుబ్బన్న. తడిసి ముద్దయిన ఆ పిట్టని తన అరచేతిలో కూచోబెట్టుకున్నాడు.

"ఇంకా అయిపోలేదయ్యా. ఒక తాడు మిగిలింది." గిజిగాడు నక్క వైపు తిరిగాడు. "కామేశం, పని చెడితే నువ్వు ఎవరి దగ్గరికి పరిగెడతావు?"

కామేశం అందరి మొహాలూ చూశాడు. ఈసారి అబద్ధం రాలేదు. "చిట్టెమ్మ దగ్గరికి," అన్నాడు, బొచ్చూడి బోడైన తోక దాచుకుంటూ.

గిజిగాడు అక్కడితో నమ్మెయ్యలేదు. "చిట్టెమ్మా, నువ్వేమంటావు?"

చిట్టెమ్మ నక్కని ఎగాదిగా చూసింది. "పెచ్చు ఒలవడం వచ్చా?"

"నేర్చుకుంటానమ్మా."

అప్పుడు ముడి పడింది.

ఇందులో నీతి ఏమిటంటారా? మన కింద ఎంతమందిని గీసుకున్నామని కాదు, కష్టమొస్తే ఎంతమంది మన తాడు లాగుతారో చూసుకోవాలి.