పద్దెనిమిది పసుపు చుక్కలు

తిరుపాలుకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం బయటికి చెప్పుకునేది కాదు.

సోమలింగయ్య గారి దగ్గర కాలువల పని నేర్చుకోవడానికి వచ్చి అతనికి తొమ్మిదేళ్ళు. ఓబులేసు వచ్చి మూడేళ్ళు కూడా కాలేదు, అంతకు ముందు గొర్రెలు కాసుకునేవాడు. అలాంటివాడు కాకులకోన ఊరికి కొండ ఊట నుంచి మట్టిగొట్టాలతో నీళ్ళు తెస్తానని, ఎంత పని, ఎందరు మనుషులు, ఎన్నాళ్ళు పడుతుంది, అన్నీ తాటాకుల మీద రాశాడు. ఊరి పెద్దలకి నచ్చితే పని మొత్తం వాడి చేతుల్లోనే పెడతారు.

గురువుగారి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒకరు రాసింది ముందు తోటివాడు చదవాలి. తప్పు కనబడ్డ చోట పసుపు చుక్క పెట్టాలి. ఓబులేసు తాటాకుల కట్ట తిరుపాలు చేతికే వచ్చింది.

చదివేకొద్దీ కడుపు మండింది. అంత బాగా రాశాడు మరి. ఏడో ఆకు దగ్గర మాత్రం తిరుపాలు ఆగాడు. ఓబులేసు ఊటని వానాకాలంలో కొలిచాడు. ఎండలు ముదిరితే ఆ ఊట నాలుగు మూరలు దిగిపోతుంది. అప్పుడు దారిలో ఉన్న మిట్టని దాటి నీళ్ళు రావు. తొమ్మిది వేసవులు చూసినవాడికి అది తెలుసు.

'వేసవిలో గొట్టాలు ఎండుతాయి. అప్పుడు నన్నే పిలుస్తారు' అనుకున్నాడు. ఆ ఆకు తిప్పేశాడు. అక్షరం వంకరగా ఉందని ఒకచోట, అన్నమాటే మళ్ళీ అన్నాడని ఇంకోచోట, మిగతా ఆకుల నిండా చుక్కలు పెట్టాడు. పద్దెనిమిది అయ్యాయి.

గురువు కట్ట విప్పి చూసి నవ్వాడు.

"ఏరా, ఈ ఆకులకేమైనా పెళ్ళి చేస్తున్నావా? ఇంత పసుపు పూశావు."

"తోటివాడు కదా స్వామీ, బాగుపడాలని."

ఏడో ఆకు మీద గురువు వేలు ఆగింది. "దీనికి పూయలేదేం?"

"అందులో తప్పేమీ లేదు స్వామీ."

గురువు కట్ట మూసి, కండువా భుజాన వేసుకున్నాడు. "నడువు."

ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఊట దగ్గర కాకులకోన ముసలమ్మ ఒకామె లోపలికి వంగి, చెంబుతో తోడి బిందె నింపుకుంటోంది. గురువు ఆ బిందె ఎత్తి తిరుపాలు భుజానికి పెట్టాడు.

"అమ్మా, ఈ పూట మావాడు మోస్తాడు."

"మోయనీ నాయనా. మిట్ట మీద పడేస్తాడేమో, చూసుకో. ఒక్క బిందెకి పొద్దున్నించీ కూర్చున్నాను."

మిట్ట సగం ఎక్కేసరికి తిరుపాలు రెండుసార్లు భుజం మార్చుకున్నాడు. పైకి చేరేసరికి ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ వెనకాలే వచ్చింది.

"ఓబులేసు చెప్పాడులే అయ్యా. వచ్చే వేసవికి నేను ఈ మిట్ట ఎక్కక్కర్లేదంట. నిజమేనా?"

గురువు పక్కకి జరిగి నిలబడ్డాడు.

"నిన్నే అడుగుతోందిరా. చెప్పు."

తిరుపాలు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. బిందె ఆమె గడపలో దించి, ఓబులేసుని వెతుక్కుంటూ పరుగెత్తాడు.