వారానికి ఏడు

మందుల కిటికీ దగ్గర ఏలీషా గారు ఎవరినీ ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారని అడగరు. ఆ పెద్దాసుపత్రిలో రక్తపు క్యాన్సర్ రోగులకు ఇంటికిచ్చే మాత్రలన్నీ ఆయన చేతిమీదుగానే వెళతాయి. సంచీ అవతలి మనిషికి అందించే ముందు ఆయన రోజులు ఒక్కొక్కటే పేరుపెట్టి అడుగుతారు. సోమవారం ఏం వేసుకుంటారు? మంగళవారం? బుధవారం? వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన పసుపు మాత్ర ఒకటుంది, మెథోట్రెక్సేట్ అని. దాని దగ్గరికొచ్చేసరికి ఆయనది మరీ పట్టుదల. మిగతా ఆరు రోజులకూ "ఆ రోజు లేదు సార్" అన్న మాట ఆరుసార్లూ ఆయన చెవిన పడాలి. పడేదాకా సంచీ కదలదు.

తబస్సుమ్ ఆయన దగ్గర పనిలో చేరి నాలుగు నెలలైంది. చురుకైన పిల్ల. ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారొకాయన చీటీ పట్టుకొచ్చి, అడక్కముందే "వారానికి ఒక్కరోజు, గురువారం, ఆరు మాత్రలు" అని గడగడా చెప్పేశాడు. ఏలీషా గారు ఆయన్నీ వదల్లేదు. వెనక ముప్పై మంది నిలబడి ఉండగా, ఆ పెద్దమనిషి చేత శుక్రవారం నుంచి బుధవారం దాకా "లేదు, లేదు" అనిపించారు. మాస్టారు మొహం చిట్లించుకుని వెళ్లిపోయాడు. తబస్సుమ్‌కు చిన్నతనంగా అనిపించింది. మధ్యాహ్నం వరస పలచబడ్డాక, ఇద్దరూ క్యారేజీలు విప్పుకున్నప్పుడు, ఉండబట్టలేక అడిగింది.

"సార్, జవాబు సరిగ్గా చెప్పినవాళ్లను కూడా మళ్లీ ఎందుకడుగుతారు? సరైన జవాబు వచ్చాక మనకింకేం కావాలి?"

ఏలీషా గారు దానికి వాదనేమీ పెట్టుకోలేదు. కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేసి, పదకొండేళ్ల కిందటి సంగతి చెప్పారు.

అప్పట్లో తాడిపత్రి వైపు నుంచి సుంకమ్మ అని ఒకావిడ వచ్చేది. నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. భర్త ఆ రాళ్ల లారీ మీదే ఊళ్లు తిరిగేవాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వాళ్లకు ఒక్కతే కూతురు, భార్గవి. ఆ పిల్లకు ఏడో ఏట రక్తపు క్యాన్సర్ వచ్చింది. దాదాపు ఏడాదిపాటు సూదులు, రక్తం ఎక్కించడాలు, వెన్నులో మందులు. పిల్ల గట్టిది, తట్టుకుంది. జబ్బు కనబడకుండా పోయిందని డాక్టర్లు చెప్పారు. అది తిరిగి తలెత్తకుండా ఇంకో ఏడాదిన్నర ఇంటిదగ్గరే మాత్రలు వాడాలన్నారు. రెండు రకాలు. ఒకటి రోజూ వేయాల్సింది. రెండోది ఈ పసుపు మాత్ర, గురువారం గురువారం ఏడూ ఒకేసారి.

మొదటిరోజు ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పింది ఏలీషా గారే. ఒక్క మాత్ర కూడా మానకూడదని, బాగుంది కదా అని సొంతంగా ఆపకూడదని గట్టిగా చెప్పారు. జబ్బు తిరగబెట్టిన పిల్లల్లో సగం మంది మాత్రలు మధ్యలో ఆపేసినవాళ్లేనని ఆయన కళ్లారా చూసి ఉన్నారు. అందుకే వచ్చిన ప్రతిసారీ ఆ మాటే చెప్పేవారు. సుంకమ్మకు చదువు రాదు గాని చెప్పిన మాట తు.చ. తప్పేది కాదు. రమ్మన్న రోజున గోళ్ల సందుల్లో రాతిపొడితోనే, పొద్దున మొదటి బస్సుకు దిగేది. ఖాళీ మాత్రల అట్టలు గుడ్డలో మూటగట్టి తెచ్చి చూపించేది. మందులు ఎగ్గొట్టే తల్లులతో ఏలీషా గారు, సుంకమ్మను చూసి నేర్చుకోండి అని చాలాసార్లు అన్నారు.

పిల్లకు మాత్రం గురువారమంటే హడలు. ఏడు మాత్రలూ మింగిన కాసేపటికి వాంతులు మొదలయ్యేవి. శుక్రవారం బడి లేదు, తిండి లేదు. కొన్నాళ్లకు అట్ట చప్పుడు వింటేనే డోకొచ్చేది. ఒక గురువారం ఆ పిల్ల నీళ్ల డ్రమ్ము వెనక దాక్కుని, ఎంత పిలిచినా బయటికి రాలేదట. తల్లి అక్కడే నేలమీద కూలబడి ఆలోచించింది. ఏడు మాత్రలు, ఏడు రోజులు. రెండో మందు ఎలాగూ రోజూ వేస్తున్నదే. ఒకేసారి ఏడూ ఆ చిన్న కడుపులో పోసే బదులు రోజుకొకటి ఇస్తే వారం తిరిగేసరికి ఏడూ లోపలికి పోతాయి, పిల్లకూ బాధ ఉండదు. ఆరోజు నుంచే మొదలుపెట్టింది. వాంతులు ఆగిపోయాయి. పిల్ల శుక్రవారం బడికి పోయింది. ఇన్నాళ్లూ ఈ ఉపాయం తనకెందుకు తోచలేదా అని సుంకమ్మ నొచ్చుకుంది కూడా.

ఆ మాత్ర తత్వం వేరు. వారానికోసారి పడితే, మిగతా ఆరు రోజుల్లో ఒళ్లు కోలుకుంటుంది. అదే మందు కొంచెం కొంచెంగా రోజూ పడితే కోలుకునే వ్యవధి ఉండదు. నోరు, పేగులు, ఎముకల్లో రక్తం పుట్టే చోటు, అన్నీ లోలోపల మాడిపోతాయి. ఈ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. సుంకమ్మకు ఎవరూ చెప్పలేదు. మానొద్దని చెప్పారు గాని, విడగొట్టొద్దని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాతి వారమే ఆమె పిల్లను నెలనెలా చేసే రక్తపరీక్షకు తీసుకొచ్చింది. రక్తంలో ఇంకా తేడా కనబడలేదు. కిటికీ ముందు ఈరోజున్నంత వరసే ఉంది. వారానికి ఎన్ని వేస్తున్నావమ్మా అని ఏలీషా గారు అడిగారు. ఏడు సార్ అంది. ఒక్కటీ మానలేదుగా అన్నారు. లేదంది. అట్టలు చూస్తే లెక్క సరిపోయింది. పిల్ల మొహం తేటగా కనబడితే, వాంతులు తగ్గాయా అని కూడా అడిగారు. బాగా తగ్గినాయి సార్ అంది సుంకమ్మ, నవ్వు మొహంతో. ఆయనా సంతోషించారు. ఎలా తగ్గాయని అడగలేదు. 'వారానికి ఏడు, సరిగా వాడుతున్నారు' అని రాసి, పక్కన టిక్కు పెట్టి, తర్వాతి మనిషిని పిలిచారు. మొత్తం నిమిషం పట్టలేదు.

రెండు వారాలు గడిచేసరికి పిల్లకు నోరు పూసింది. వేడి చేసిందనుకుని తల్లి మజ్జిగ తాగించింది, కొబ్బరినీళ్లు పట్టింది. పుళ్లు గొంతుదాకా దిగాయి. మాత్ర మింగలేకపోతే చెంచాడు నీళ్లలో కరిగించి, పిల్ల ఏడుస్తున్నా పట్టించింది. మానకూడదని చెప్పారు కదా. జ్వరం తగిలిన పూటే బస్సెక్కించి తీసుకొచ్చింది. అది ఆదివారం. రక్తంలో తెల్లకణాలు దాదాపు ఏమీ లేవు. జబ్బు తిరగబెట్టిందేమోనని డాక్టర్లు అనుమానపడ్డారు.

సోమవారం పొద్దున్నే వార్డులో ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు పట్టుకుని ఏలీషా గారు అక్కడికి వెళ్లారు. భార్గవి కళ్లు మూసుకుని ఉంది, పెదవులు నల్లగా అట్టకట్టి ఉన్నాయి. మంచం పక్కన సుంకమ్మ చెంచాలో పసుపు మాత్ర నలుపుతూ కనబడింది.

"ఈరోజు సోమవారం కదమ్మా. ఆ మాత్ర ఎందుకు వేస్తున్నావు?"

సుంకమ్మ తలెత్తి చూసింది. చెబితే ఆయన మెచ్చుకుంటారనే అనుకుంది.

"ఏడూ ఒకేతూరి ఇస్తే కక్కేస్తాండె సార్. అందుకని దినానికొకటి ఇస్తాండా. వారం తిరిగేతలికి ఏడూ పోతాయి. ఇంత జరంలో గూడా ఒక్కటి తప్పనీలే."

ఏలీషా గారు ఆమె చేతిలోంచి చెంచా తీసుకున్నారు. ఇక వద్దమ్మా అని మాత్రం అనగలిగారు. డాక్టరు గదికి పరుగెత్తారు. విరుగుడు మందు ఆ గంటలోనే మొదలుపెట్టారు. అప్పటికే ఆలస్యమైపోయింది. పిల్ల తొమ్మిది రోజులు పోరాడింది. పదో రోజు పొద్దున పోయింది.

తర్వాత విచారణ జరిగింది. నలుగురు పెద్దలు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫైలు తిరగేశారు. సూపరింటెండెంటు ఏలీషా గారి రాతమీద వేలు పెట్టి చూపిస్తూ, ఇంత స్పష్టంగా రాసిపెట్టారు, వారానికి ఏడని ఆమే ఒప్పుకుంది, మీకొచ్చిన ఇబ్బందేమీ లేదు అన్నాడు. టీ తెప్పించాడు. తల్లి సూచనలు పాటించనందువల్ల జరిగిన మరణమని ఇంగ్లీషులో ఒక పేజీ రాశారు. కింద ఏలీషా గారు సంతకం పెట్టారు. అప్పటికి ఆయనకు ఇద్దరు చదువుకునే పిల్లలు, పదమూడేళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఆ కాగితం సుంకమ్మ ముందు కూడా పెట్టారు. అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. కూతురు నేర్పిన అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆమె ఏలీషా గారి కోసం నిలబడి ఉంది. భర్త కాస్త దూరంలో ఇటు వీపు పెట్టి ఉన్నాడు. ఆమె ఏడవలేదు. పది రోజులుగా ఏదో ఒకటే లెక్క చేస్తున్నట్టు ఉంది మొహం.

"సార్, మీరు జెప్పింది ఏడే గదా?"

చెప్పాల్సిందంతా ఆయన గొంతుదాకా వచ్చింది. రోజుకొకటి ఇవ్వడం వల్లనే అని చెబితే ఆమె ఇంటిదాకా నడిచి వెళ్లగలదా అని ఒక ఆలోచన. చెబితే, మరి మీరెందుకు అడగలేదు సార్ అంటుందేమోనని ఇంకొకటి. ఏది ముందు వచ్చిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"ఏడే అమ్మా," అన్నారు.

ఆమె తల ఊపింది. తాను తప్పేమీ చేయలేదన్న నెమ్మది క్షణంపాటు ఆ మొహంలో కనిపించింది. అందుకు ఆయనకు దణ్ణం కూడా పెట్టింది. తర్వాత ఇద్దరూ బస్టాండు వైపు వెళ్లిపోయారు.

ఏలీషా గారు చెప్పడం ఆపారు. కలిపిన అన్నం ఎండి గిన్నెకు అంటుకుపోయింది. తబస్సుమ్ తన క్యారేజీకి మూత పెట్టేసింది. ఆ తర్వాతైనా ఎప్పుడైనా వెళ్లి ఆమెకు నిజం చెప్పారా అని మెల్లిగా అడిగింది.

ఆయన గిన్నె తీసుకుని లేచారు.

"కాగితం మీద నా తప్పు ఎక్కడా లేదమ్మా," అన్నారు.