జుబేదా చదువు

సూఫీ గురువు యాకూబ్ షా దగ్గర ఖలీల్ అనే శిష్యుడు ఉండేవాడు. చిన్నవయసులోనే ఎన్నో గ్రంథాలు కంఠస్థం చేసినవాడు. పొద్దున్నే ఆశ్రమం వసారాలో చేరే మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలను చూసుకొమ్మని గురువు అతనికి అప్పగించారు.

ఐదు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఖలీల్ వచ్చి గురువు ముందు కూర్చున్నాడు. పిల్లల్లో ఒక్కరికీ ఇంకా ఒక్క అక్షరం రాలేదన్నాడు. కొట్టుకునేవాళ్ళను విడదీయడం, ఒకే బొమ్మను పదిమందికీ తిప్పడం, వంతు వచ్చేదాకా ఆగమని చెప్పిందే చెప్పడం, రోజంతా ఇదే పని అన్నాడు.

"ఇది చదువు కాదు, హజ్రత్. సెలవిస్తే వేరే ఊరు వెళ్ళి పెద్దవాళ్ళకు పాఠం చెప్పుకుంటాను."

గురువు చేతికర్ర తీసుకుని తోడు రమ్మన్నారు.

సందు చివర లక్కగాజులు చేసే హుస్సేన్‌బీ ఇల్లు. ఆమె కూతురు జుబేదా ఖలీల్ దగ్గరికి వచ్చే పిల్లే. చేరిన కొత్తల్లో దగ్గరికొచ్చిన ప్రతి పిల్లనూ కొరికేది.

గురువు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. హుస్సేన్‌బీ చంకలో ఉన్న పది నెలల పిల్లవాణ్ణి చాప మీద, జుబేదా పక్కన దించి లోపలికి వెళ్ళింది.

ఖలీల్ గబుక్కున లేవబోయాడు. గురువు అతని భుజం మీద చెయ్యి వేశారు.

జుబేదా ఇత్తడి మూత ఒకటి నేలమీద గిరగిరా తిప్పుతోంది. పిల్లవాడు చెయ్యి చాచాడు.

"ఆగు. ఇది నా వంతు," అంది.

మూత తిరిగి తిరిగి పడిపోయింది. దాన్ని తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు నోట్లో పెట్టుకున్నాడు. ఆ పిల్ల లాక్కోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాడి వంకే చూస్తూ కూర్చుంది.

హుస్సేన్‌బీ రెండు గ్లాసులతో వచ్చింది. పసివాణ్ణి అలా ఎలా వదిలి వెళ్ళావని ఖలీల్ అడిగాడు. వాడు పుట్టినప్పటి నుంచి కనిపిస్తే చాలు జుబేదా వాడి మీద పడి కొరికేదనీ, అందుకే వాణ్ణి చంక దించేదాన్ని కాదనీ, ఒంటిచేత్తోనే వంట చేసేదాన్ననీ, గాజుల పని పూర్తిగా మానేశాననీ చెప్పింది.

"ఈ నెల నుంచే కింద దించుతున్నాను, అన్నా."

నీళ్ళు తాగి లేచారు. ఆశ్రమం గడప దగ్గర గురువు ఆగారు.

"హుస్సేన్‌బీ రెండు చేతులతో నీళ్ళు తెచ్చింది, చూశావా?" అన్నారు.